గోడవార సందు

మా హాల్లో నేల లేచింది.

వానలు మొదలైన కొద్దిరోజులకే సోఫా ముందు చెక్కలు కాస్త ఉబ్బినట్టు కనిపించాయి. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. పొద్దస్తమానం ఎదుటివాళ్ల కళ్లని అనుమానించడమే నా ఉద్యోగం. నా కళ్లని మాత్రం నమ్ముతాను. అయినా ఆ రోజు ఒంగి, చెంప నేలకి ఆనించి మరీ చూశాను. దుప్పటి కింద ఎవరో ముడుచుకుని పడుకున్నట్టు నడిమధ్యలో చెక్కలు పైకి లేచి ఉన్నాయి. కాలితో నొక్కితే దిగాయి, కాలు తీస్తే మళ్లీ లేచాయి. నొక్కినప్పుడల్లా డబ్‌మని చప్పుడు.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని కేకేశాను.

మా ఆయన వచ్చి, చెప్పులు విప్పి, సరిగ్గా ఉబ్బు మీద నిలబడ్డారు. ఆయన బరువుకి అది అణిగిపోయింది.

"బాగానే ఉందే" అన్నారు.

"జన్మంతా అక్కడే నిలబడతారా?"

"కుర్చీ వేస్తే కూర్చుంటాను."

మా ఇంట్లో కోపం అంతా నా వాటాకే వచ్చింది, ఆయనకి ఏమీ మిగల్లేదు. అది ఏ షాపువాళ్లో వేసిన నేల అయి ఉంటే ఆ పూటే ఫోను చేసి, వాళ్లు ఆ వృత్తిలోకి ఎందుకొచ్చామా అని ఏడ్చేదాకా వదిలేదాన్ని కాదు. కానీ ఆ నేల వేసింది మావయ్య. మా అమ్మ తమ్ముడు.

ఈ ఇల్లు పాతదే కొన్నాం. గోడలు గీకించాం, కిటికీలు మార్పించాం, వంటగదికీ హాలుకీ మధ్య గోడ కొట్టించాం. నెలల తరబడి సిమెంటు దుమ్ము తిని, దుమ్ములో పడుకున్నాం. నేల దగ్గరికి వచ్చేసరికి మావయ్య అత్తయ్యని వెంటేసుకుని, పనిముట్ల పెట్టెలతో వ్యాన్లో దిగాడు. గుమ్మంలోనే చెప్పేశాడు, "నేల నాది. ఇంకెవరైనా చెయ్యి పెట్టారో, నేను తిరిగి వెళ్లిపోతా."

సాయానికి మనిషిని పెడతామంటే ఒప్పుకోలేదు. మోకాళ్లకి అత్తయ్య కుట్టిన గుడ్డ మెత్తలు కట్టుకుని, ఒక్కో చెక్కనీ చేత్తో నిమిరి, వాసన చూసి, వెలుతురుకి ఎత్తి చూసి వేశాడు. ఆ వయసులో నేల మీద పాకుతుంటే అత్తయ్య వంటగదిలోంచి అరుస్తూనే ఉండేది. "ఇక లేవలేవు, చెబుతున్నా. నిన్ను కూడా అందులోనే పెట్టి మేకులు కొట్టాలి." మావయ్య వినపడనట్టు సుత్తి చప్పుడు పెంచేవాడు.

పని అయిపోయిన రోజు మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి, వట్టి కాళ్లతో నడవమన్నాడు. నడిచాను. ఎక్కడా ఒక అంచు తగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే మావయ్య నా మొహం చూడకుండా నా పాదాలే చూస్తున్నాడు.

"చివరి నేల వేసేశానే పేచీ" అన్నాడు. చిన్నప్పటినుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. "మోకాళ్లు ఇక చాలంటున్నాయి. చివరిది నీ ఇంట్లో పడింది. అది చాలు నాకు."

ఇంటికి వెళ్లగానే పనిముట్లన్నీ తను పాతికేళ్ల వయసులో పనిచేసిన చెక్కపని షాపుకి ఇచ్చేశాడని అత్తయ్య ఫోన్లో చెప్పింది. ఒక్క చిన్న పెట్టె ఉంచుకున్నాడట.

అందుకే నేల లేచిందన్న సంగతి పక్కింటికి కూడా తెలియనివ్వలేదు. ముందు తివాచీ పరిచాం. తివాచీ కింద పిల్లి దూరినట్టుంది. పుస్తకాల బీరువా తీసుకొచ్చి ఉబ్బు మీద పెట్టాం. బీరువా ఒక పక్కకి ఒరిగింది. దాని కాలి కింద మా ఆయన అట్టముక్క మడిచి పెట్టారు. అక్కడ అణిచిన ఉబ్బు తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి పడగ్గది గుమ్మం దగ్గర లేచింది. తలుపు తీస్తే నేలని గీకుతూ కీచుమని మూలిగేది. తల ప్రాణం తోకకి వచ్చింది.

ప్రతి ఆదివారం అత్తయ్య ఫోను చేస్తుంది.

"నేల ఎలా ఉందని అడుగుతున్నాడమ్మాయ్ మీ మావయ్య."

"అద్దంలా ఉందత్తయ్యా."

"ఉండు, ఫోను ఆయనకే ఇస్తా, నువ్వే చెప్పు."

"వద్దత్తయ్యా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి!"

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ప్రతి ఆదివారం పాలు పొంగాయి. అబద్ధం చెప్పడం నాకు కష్టం కాదు, మావయ్యకి చెప్పడం కష్టం. ఆయన గొంతు వింటే నోరు జారతానని భయం.

ఆయన గొంతుకి నేను లొంగిపోవడం ఇప్పటిది కాదు.

మేం చిన్నప్పుడు దర్జీ షాపు పైన అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, చెక్క నేల. కింద కుట్టుమిషను ఆడుతుంటే పైన నా అరికాళ్లకి చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. ఆ నేలకీ గోడకీ మధ్య చుట్టూ ఒక సందు ఉండేది. నా వేలు దూరేంత. మామూలుగా అయితే గోడ అడుగున సన్నని చెక్కపట్టీ కొట్టి, ఆ సందుని మూసేస్తారు. మా ఇంటి యజమానికి అంత ఓపిక లేదు. దాంతో ఇంట్లో జారిన ప్రతిదీ ఆ సందులోకే పోయేది. గుండీలు, పెన్సిలు ముక్కలు, చిల్లర, ఒకసారి బీరువా తాళంచెవి. "మనందరికంటే ఆ సందే ఎక్కువ తింటోంది" అని అమ్మ విసుక్కునేది.

మావయ్య అప్పుడు మాతోనే ఉండేవాడు. పెళ్లి కాలేదు. సాయంత్రం చెక్కపని షాపునుంచి వచ్చేటప్పటికి నేను మెట్ల మీద కాపు కాసేదాన్ని. వచ్చీరాగానే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టేదాన్ని. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకున్న పొడుగాటి చెక్కపొరలు ఉండేవి అందులో, నాకోసమని విరగకుండా తెచ్చేవాడు. అవి రెండు చెవులకీ తగిలించుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త చెక్క కోస్తున్న వాసన వస్తే నా చెయ్యి దానంతటదే జేబు వెతుక్కుంటుంది.

తర్వాత అసలు ఆట మొదలయ్యేది.

"మావయ్యా, పడిపోయింది!"

"ఉండు, వస్తున్నా."

అన్నం ముందు కూర్చున్నా లేచేవాడు. తలుపు వెనక మేకుకి ఒక తీగ వేలాడుతుండేది. దాని కొస వంచి, తడి సబ్బుముక్క అంటించి, నేల మీద బోర్లా పడుకుని, చెంప చెక్కకి ఆనించి, ఒక కన్ను మూసి సందులోకి చూసేవాడు. పక్కనే నేనూ అలాగే పడుకునేదాన్ని. లోపల చీకటి. అడుగునుంచి దర్జీ దీపం వెలుతురు సన్నని గీతలుగా పడుతుండేది. బూజు, దుమ్ము, ఎవరివో పాత వెంట్రుకలు.

"కనిపించిందా?"

"కనిపిస్తోంది. మాట్లాడకు."

గుండీ ఏదో చేప అయినట్టు, నేను మాట్లాడితే పారిపోతుందన్నట్టు చెప్పేవాడు. నేను ఊపిరి బిగపట్టేదాన్ని. చివరికి సబ్బుకి అతుక్కుని పైకి వచ్చేది. దాన్ని చొక్కాకి తుడిచి నా అరచేతిలో పెట్టి, "జాగ్రత్త" అనేవాడు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ ఏదో ఒకటి పడిపోయేది. అన్నీ వాటంతటవే పడ్డాయని నేనేమీ ప్రమాణం చేయను.

"ఆ సందు మూసేయొచ్చు కదా?" అని ఒకసారి అడిగాను.

"చెక్కకి ఊపిరాడాలే పిచ్చిదానా. వానాకాలం ఒళ్లు చేస్తుంది, ఎండాకాలం చిక్కిపోతుంది. గోడ దగ్గర చోటు లేకపోతే ఒళ్లు చేసినప్పుడు ఎక్కడికి పోతుంది? పైకి లేస్తుంది. ఎవరు నేల వేసినా గోడ దగ్గర చిటికెన వేలంత సందు వదలాలి."

నేను అక్షరాలకంటే ముందు ఆ పాఠమే నేర్చుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చెక్క నేలలు వేసే షాపతన్ని ఇంటికి పిలిచిన రోజు నాకు ఎందుకంత భయం వేసిందో అర్థం కావాలి కదా.

అతను ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో వచ్చాడు. తివాచీ తీసి చూసి, నాలుక చప్పరించాడు. గోడ అడుగున కొట్టిన పట్టీ ఒకచోట ఊడదీశాడు. జేబులోంచి తన పేరున్న కార్డు తీసి, చెక్కకీ గోడకీ మధ్య దూర్చబోయాడు. దూరలేదు. ఇంకో గోడ దగ్గర చూశాడు. అక్కడా దూరలేదు.

"కాగితం కూడా దూరడం లేదు చూడండి. నాలుగు పక్కలా గోడకి బిగించేశారు. ఇక లేవక ఏం చేస్తుంది?"

చెక్కకి ఊపిరాడాలని చెప్పిన మనిషి, జీవితమంతా సందు వదిలిన మనిషి, నా ఇంట్లో వదల్లేదు. అంటే మర్చిపోయాడు. ఇంకేం మర్చిపోతున్నాడు? అత్తయ్య మాతో చెప్పకుండా ఏం దాస్తోంది?

షాపతను నా మొహం చూసి, నేల గురించే బాధపడుతున్నాననుకున్నాడు. "మొత్తం పీకేసి కొత్తగా వేయాలండీ. ఇంతకీ ఎవరు వేశారు? ఎవరో చేతకాని మనిషిని పట్టుకున్నారు. ఓనమాలు తెలిసినవాడు ఈ పని చెయ్యడు."

అప్పటిదాకా ఆ నేలని నేనే నోటికొచ్చినట్టు తిట్టాను. కానీ నేను తిట్టడం వేరు.

"మిమ్మల్ని నేల కొలవడానికి పిలిచాను, మనుషుల్ని కొలవడానికి కాదు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన అతన్ని భుజం పట్టుకుని మెల్లగా బయటికి నడిపించి, టీ తాగించి పంపారు.

సాయంత్రం ఆయన నా పక్కన కూర్చున్నారు. "మావయ్యగారికి చెప్పేద్దాం."

"ఏమని చెప్పాలి? నీ చివరి పని చెడిపోయింది, నీ బుర్ర కూడా చెడిపోతోందని చెప్పాలా? ఆ నేల తలుచుకునే బతుకుతున్నాడు ఆయన."

"మరి?"

"అదే చెక్క, అదే రంగు. ఆయనకి తెలియకుండా మళ్లీ వేయిద్దాం."

"పాదం పెట్టగానే తెలిసిపోతుంది ఆయనకి."

"తెలియకూడదు, అంతే."

తిట్టి పంపిన షాపతనికి నేనే ఫోను చేసి బతిమాలుకున్నాను. జీవితంలో అంత చేదు మాత్ర ఎప్పుడూ మింగలేదు. సోమవారం మనుషుల్ని తీసుకొచ్చి పీకడం మొదలుపెడతానన్నాడు.

శనివారం పొద్దున్న తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. ఎదురుగా అత్తయ్య, ఆమె వెనక మావయ్య.

"నా కళ్లద్దాల మీద కూర్చున్నాడమ్మాయ్ మీ మావయ్య!" అంటూ అత్తయ్య విరిగిన ఫ్రేము నా మొహానికి పెట్టింది. "సొంత షాపులాంటిది ఉండగా బయట ఎందుకు, దానికి చెప్పకుండా పోదాం, సంతోషిస్తుంది అన్నాడు."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అయితే పద అత్తయ్యా, ముందు షాపుకే పోదాం. పొద్దున్నపూట చూస్తే కళ్లు సరిగ్గా తెలుస్తాయి."

"కాళ్లు కడుక్కోనిస్తావా, అలాగే మెట్లు దించేస్తావా?"

లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. అత్తయ్య నన్ను పక్కకి నెట్టి లోపలికి వచ్చేటప్పటికి, మా ఆయన హాలు మధ్యలో, ఇంకెక్కడా చోటు లేనట్టు, ఉబ్బు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లని చూసి నవ్వారు కానీ లేవలేదు.

"అల్లుడుగారికి నడుం పట్టిందా?" అంది అత్తయ్య, మర్యాద తగ్గిందని గొంతులోనే తెలిసేటట్టు.

"అవునండీ. కొద్దిగా."

మావయ్య చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. కొన్ని అడుగులు వేసి ఆగాడు. వేళ్లు ముడిచి, విప్పి, మడమ ఆనించాడు.

"లేవండి అల్లుడుగారూ" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆయన లేచారు. ఆయనతోపాటే నేల కూడా డబ్‌మని లేచింది.

మావయ్య మెల్లగా మోకాళ్ల మీద కూలబడి, ఆ ఉబ్బు మీద అరచెయ్యి పెట్టాడు. జ్వరం చూసినట్టు అలాగే ఉంచాడు. తర్వాత గోడ దాకా పాకి, షాపతను ఊడదీసిన పట్టీ ఎత్తి, కింద గోరుతో తడిమాడు. ఆయన మొహం చిన్నబోవడం నా కళ్లతో చూశాను.

"ఎన్నాళ్లయింది?"

"వానలు పడ్డప్పట్నుంచీ."

"ఆదివారం ఆదివారం పాలు పొంగింది ఇందుకా?"

ఓదారుద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ నాకు భయం వేసినా, ఏడుపొచ్చినా, ముందు బయటికొచ్చేది కోపమే.

"చెక్కకి ఊపిరాడాలని నాకు నేర్పిందెవరు? నువ్వు కాదూ? చిటికెన వేలంత సందు వదలాలని చెప్పిందెవరు? మరి ఎందుకు వదల్లేదు? మర్చిపోయావా? చెప్పు మావయ్యా, మర్చిపోయావా?"

మావయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "మర్చిపోతే బాగుండేదే" అన్నాడు. "నువ్వే కదే సందు వద్దన్నావ్."

"నేనా? ఎప్పుడు?"

"దుద్దు పడిపోయిన రోజు."

"ఏ దుద్దు?"

నేను వేళాకోళం చేస్తున్నానేమో అన్నట్టు చూశాడు. చేయడం లేదని తెలిశాక, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"మీ అమ్మది. ఎర్రరాయి దుద్దు. చెక్కపొరలు వద్దు, నిజమైనవి పెట్టుకుంటానని నువ్వు పేచీ పెడితే తీసి ఇచ్చింది. అద్దం ముందు గెంతుతుంటే ఒకటి జారి సందులో పడింది. తీగ పెట్టి వెతికా. దీపం పెట్టి వెతికా. కిందికెళ్లి దర్జీని బతిమాలి, నిచ్చెన వేసుకుని వాళ్ల పైకప్పు చెక్కలన్నీ తట్టి చూశా. దొరకలేదు. అదొక్కటే నాకు దొరకనిది. నువ్వు నా ఒళ్లో కూర్చుని వెక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చావు. నాకు సందు లేని ఇల్లు కావాలి మావయ్యా, ఏదీ పడిపోని ఇల్లు కావాలి అని. వేస్తాలే అన్నా. నీ ఇంటికి నేల నేనే వేస్తా, సూది కూడా పడకుండా వేస్తా అన్నా. అప్పుడు గానీ ఊరుకోలేదు నువ్వు."

ఆయన చెబుతుంటే ఎక్కడో అడుగునుంచి పైకి తేలినట్టు గుర్తొచ్చింది నాకు. ఎర్రరాయి. అద్దం. వెక్కిళ్లు ఆగడానికి మావయ్య నా వీపు మీద తట్టడం. అమ్మ తర్వాత ఇంకో జత కొనుక్కుంది. నేను ఆ వారమే ఆ సంగతి మర్చిపోయి ఉంటాను. పిల్లలు మర్చిపోతారు. పెద్దయ్యాక ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"సందు వదిలే మొదలుపెట్టానే" అన్నాడు మావయ్య. "గోడకీ చెక్కకీ మధ్య పెట్టే ముక్కలు కూడా కోసుకున్నా. పైన పట్టీ వస్తుంది, ఏదీ పడదు, అదీ తెలుసు. కానీ ఆ ముక్కలు పెడుతుంటే చెయ్యి ఒప్పుకోలేదు. పిల్లకి మాటిచ్చి, దాని ఇంట్లోనే సందు పెడుతున్నానే అనిపించింది. బాగా ఆరిన చెక్క, నా చెయ్యి వేసింది, ఎక్కడికీ కదలదులే అనుకున్నా. ముక్కలన్నీ తీసేసి గోడకి బిగించా. పొగరు, ఇంకేం కాదు."

"ఆ ముక్కలు చెత్తలో వేయడం నేను చూశాను" అంది అత్తయ్య. అప్పటికి ఆమె గొంతులో అరుపు లేదు. "ఎందుకని అడిగితే నీకేం తెలుసు పొమ్మన్నాడు."

నేను వెళ్లి ఆయన పక్కన, ఆ ఎగుడుదిగుడు నేల మీద కూర్చున్నాను. మావయ్య మర్చిపోతున్నాడని వారం రోజులుగా తిండి సహించలేదు నాకు. మర్చిపోయింది నేను. ఆయనకి అన్నీ గుర్తున్నాయి, నాకు సంబంధించినవి నాకంటే ఎక్కువగా గుర్తున్నాయి. అమ్మ పోయాక నన్ను చిన్నపిల్లగా చూసిన కళ్లు ఈ లోకంలో ఇవే మిగిలాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"నేను మర్చిపోయాను మావయ్యా. ఎప్పుడో మర్చిపోయాను. నువ్వెందుకు మోశావు ఇన్నేళ్లు?"

"నువ్వు మర్చిపోతే నేనన్న మాట పోతుందా?" అని, నా వీపు మీద తట్టడం మొదలుపెట్టాడు. వెక్కిళ్లేమీ రాలేదు నాకు. అయినా వద్దనలేదు.

షాపతనికి మళ్లీ ఫోను చేసి రావద్దన్నాను. ఈసారి మర్యాదగానే అన్నాను. "సరేనండీ, మళ్లీ మీ ఇంటికి రావాలని నాకూ లేదులెండి" అన్నాడతను.

మా ఆయన అద్దెకి ఒక చిన్న కోత మిషను తెచ్చారు. మావయ్య పట్టీలన్నీ ఊడదీసి, సందు కోసం గోడ పొడుగునా పెన్సిలు గీత గీశాడు. మిషను పట్టుకోబోతే అత్తయ్య లాక్కుని నా చేతిలో పెట్టింది. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు, నేను కోశాను. "వంకరగా పోతున్నావ్." "నేను తిన్నగానే పోతున్నా, నీ గీతే వంకర." "కళ్లద్దాలు అమ్మేదానివి, గీత కనపడదా?" అలా ఒక గోడ తర్వాత ఇంకో గోడ. ఇల్లంతా కొత్త చెక్క వాసన. కోసిన చోట మావయ్య చిటికెన వేలు దూర్చి చూసి, పట్టకపోతే మళ్లీ కోయించేవాడు.

ఆఖరి గోడ అయిపోయాక నేల ఒక్కసారిగా ఏమీ కూర్చోలేదు. రోజూ కొంచెం కొంచెం దిగింది. పుస్తకాల కట్టలు పేర్చాం. మావయ్య పొద్దున్నే లేచి దాని మీద అటూ ఇటూ నడిచి, "ఊపిరి తీసుకుంటోంది" అని చెప్పేవాడు. పూర్తిగా చదునయ్యేదాకా వెళ్లనన్నాడు. అత్తయ్యకి కొత్త అద్దాలు వచ్చి, వాటితో మా వంటగదిలో మూలమూలనా మురికి కనిపెట్టి, నాకు చెప్పడం కూడా అయ్యాక, నేల సర్దుకుంది. గుమ్మం దగ్గర రెండు చెక్కలు మాత్రం తొక్కితే కిర్రుమంటాయి. అవి మారుస్తానన్నాడు. వద్దన్నాను. ఎవరైనా వస్తే తెలుస్తుందని చెప్పాను.

గోడల అడుగున పట్టీలు మళ్లీ కొట్టాడు. ఒక్క మూల, తలుపు వెనక, మేకులు కొట్టలేదు. అక్కడి చిన్న పట్టీముక్క చేత్తో లాగితే ఊడి వచ్చేటట్టు అమర్చాడు.

"అదెందుకు వదిలేశావ్?"

"ఏమైనా పడితే?"

"పట్టీ ఉండగా ఎలా పడుతుంది మావయ్యా?"

"నీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు, నా వైపు చూడకుండా. తన చిన్న పెట్టెలోంచి ఒక తీగ తీసి, కొస వంచి, తలుపు వెనక మేకు కొట్టి తగిలించాడు.

వాళ్లు వెళ్లిపోయారు. ఇల్లు బోసిపోయింది. మా ఆయన కుర్చీని హాలు మధ్యనుంచి తీసి కిటికీ దగ్గర వేసుకున్నారు, కానీ కొన్నాళ్లు అలవాటుగా నడిమధ్యకే వచ్చి నిలబడేవారు.

ఆదివారం అత్తయ్య ఫోను వచ్చింది.

"నేల ఎలా ఉందని అడుగుతున్నాడమ్మాయ్ మీ మావయ్య."

"ఫోను ఆయనకే ఇవ్వత్తయ్యా."

"ఏం, ఇవాళ పాలు పొంగడం లేదా?"

"లేదు. ఇవ్వు."

ఫోను చేతులు మారేలోపు నేను తలుపు వెనక్కి వెళ్లి, పట్టీముక్క లాగి, పొద్దున్న కుడదామని తీసి పెట్టుకున్న మా ఆయన చొక్కా గుండీని సందులోకి వదిలాను. అడుగున ఎక్కడో టక్కుమంది. కిటికీ దగ్గరనుంచి ఆయన తలెత్తి చూశారు.

"ఏమే పేచీ" అన్నాడు మావయ్య.

"మావయ్యా, పడిపోయింది."

అటునుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఏంటే?"

"గుండీ."

"ఉండు" అన్నాడు. "వస్తున్నా."